చేతిపనుల మీద సిరీస్ తీస్తున్నా, సురభి చూసినవాళ్ళు ఒక మాట చెప్పండి

రీలు చుట్ట | ఆదివారం, రాత్రి 9.40

పదకొండేళ్ళ నుంచి పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తున్నాను. తలంబ్రాలు గాల్లోంచి నెమ్మదిగా రాలడం ఎన్ని వేలసార్లు చూశానో నాకే తెలీదు. ఇక విసుగెత్తి సొంతంగా ఏదైనా తీద్దామని దిగాను. మన ఊళ్ళు, చేతిపనులు, వాటి వెనక చరిత్ర, చేసే మనుషులు. పది భాగాలు. మొదటిది పోచంపల్లి. పన్నెండు నిమిషాలకు కోసి నా పేజీలో పెట్టాను.

ఈ పిచ్చి నాకు దూరదర్శన్‌లో వచ్చిన సురభి కార్యక్రమం నుంచి అంటుకుంది. సిద్ధార్థ్ కాక్, రేణుకా శహాణే పక్కపక్కన కూర్చుని నవ్వుతూ కబుర్లు చెప్తుంటే నాకు హిందీ సగం కూడా అర్థమయ్యేది కాదు. అయినా లేచేవాణ్ణి కాదు. ఎవరో ఎక్కడో కూర్చుని ఏదో చెక్కుతుంటే, అల్లుతుంటే నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయేది.

అందులో ఏముందో, ఇప్పుడొచ్చేవాటిలో ఏం లేదో చూసినవాళ్ళు చెప్పండి. నా మొదటి భాగాన్ని కూడా మొహమాటం లేకుండా తిట్టండి.

గోదారి గట్టు | ఆదివారం, రాత్రి 9.58

సురభి అంటే నాటకాల సురభి అనుకుని లోపలికొచ్చాను. సరే, వచ్చాను కాబట్టి అడుగుతున్నా, వాళ్ళ మీద ఒక భాగం వెయ్యి నాయనా. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధతో మొదలైన కుటుంబాలు. తాతా మనవలూ ఒకే స్టేజి మీద. మాయాబజార్‌లో ఆ బాణాలు గాల్లో ఎదురెదురుగా వచ్చి కొట్టుకోవడం చిన్నప్పుడు ముందు వరసలో కూర్చుని చూశాను. తీగ కనపడుతుందేమోనని మెడ నొప్పెట్టేదాకా వెతికాను, కనపడలేదు.

తపాలా తాతయ్య | ఆదివారం, రాత్రి 10.21

సురభి అంటే మీకందరికీ టీవీ. మాకు మాత్రం గోనెసంచులు.

నేను అప్పట్లో సార్టింగులో ఉండేవాణ్ణి. వారం చివర్లో ఓ ప్రశ్న అడిగేవారు కదా, దానికి జవాబులు పోస్టుకార్డు మీద రాసి పంపాలి. ఒక్క వారంలో ఆ కార్యక్రమానికి 14 లక్షల ఉత్తరాలు వచ్చాయని లిమ్కా రికార్డుల పుస్తకంలోకి ఎక్కింది. అప్పుడు మామూలు కార్డు 15 పైసలు. అది పేదవాడు క్షేమ సమాచారం రాసుకోవడానికి ప్రభుత్వం నష్టానికి అమ్మే కార్డు. ఆ ధరకి లక్షల జవాబులు మొయ్యలేక చివరికి పోటీల కోసమే 2 రూపాయల కార్డు వేరేగా తెచ్చింది డిపార్ట్‌మెంటు. ఓ టీవీ కార్యక్రమం కోసం తపాలా శాఖ కొత్త కార్డు అచ్చెయ్యడం నా సర్వీసులో అదొక్కటే చూశాను.

ఒక సంగతి చెప్తాను. ఆ కార్డుల మీద చేతిరాతలు చూసేవాణ్ణి. జవాబు ఒక్క ముక్కే రాయాలి. కానీ చాలామంది కింద ఇంకో రెండు వాక్యాలు రాసేవాళ్ళు. మా ఊళ్ళో కూడా ఒకాయన కొమ్ముతో దువ్వెనలు చేస్తాడు, వచ్చి తియ్యండి అని. మా ఊరి గుడి పైకప్పు మీద బొమ్మలున్నాయి, చూడండి అని. చదవకూడదు, డ్యూటీలో అది తప్పు. కార్డు తెరిచే ఉంటుంది, కళ్ళు మూసుకుని సార్టింగ్ చెయ్యలేం కదా.

చేదు కాకర | ఆదివారం, రాత్రి 10.44

అందరూ కన్నీళ్ళు పెట్టుకునే ముందు ఒక మాట. అప్పుడు ఉన్నది ఒక్క ఛానెల్. సురభి వేసినా చూశాం, వ్యవసాయం వేసినా చూశాం, అంతరాయానికి చింతిస్తున్నాం అని బోర్డు పెట్టినా చూశాం. ఒక్కో అంశం నాలుగైదు నిమిషాలు, అంతలో ఇంకో రాష్ట్రం. దాన్ని పట్టుకుని ఇప్పుడు పిల్లల్ని తిట్టడం ఎందుకు? యూట్యూబులో జపాన్ తాత ఒక కత్తెర తయారు చెయ్యడం నలభై నిమిషాలు మాటా పలుకూ లేకుండా చూపిస్తారు, కోట్లమంది చూస్తున్నారు. చూసేవాళ్ళు పోలేదు బాబూ. మనకి తీసేవాళ్ళు లేరు.

రీలు చుట్ట | ఆదివారం, రాత్రి 10.52

కాకర గారూ, ఆ కత్తెర వీడియో నేనూ చూశా. రెండుసార్లు.

థేమ్స్ ఒడ్డు | సోమవారం, తెల్లవారుజాము 3.15 (మీకు)

ఇక్కడ బీబీసీ వాళ్ళకి ఇది పాత విద్య. 1969లో కెనెత్ క్లార్క్ సివిలైజేషన్, 1973లో బ్రొనౌస్కీ అసెంట్ ఆఫ్ మ్యాన్, రెండూ పదమూడేసి భాగాలు. మొదటిదాని వెనక ఒక వ్యాపార రహస్యం కూడా ఉంది. కలర్ టీవీ కొత్తగా వచ్చింది, దాని సత్తా చూపించాలంటే బొమ్మలూ చర్చిలూ శిల్పాలకంటే ఏముంటుంది? మనకి కలర్ 1982లో ఏషియన్ గేమ్స్‌తో వచ్చింది. మనం ఆటలు చూసుకున్నాం.

నాకు మాత్రం బ్రొనౌస్కీ ఇష్టం. ఆయన లెక్కల మనిషి. ఒక భాగంలో జపాన్ కమ్మరి ఖడ్గం చేస్తుంటే చూపిస్తాడు. ఉక్కుని మడిచి, కొట్టి, మళ్ళీ మడిచి. దాన్ని ఆచారంగానో అద్భుతంగానో చూపించడు, ఆ కమ్మరి చేతిలో ఉన్నది లోహశాస్త్రమే అంటాడు. ఇంకో భాగంలో నాజీలు యూదుల్ని చంపిన ఆష్విట్జ్ శిబిరానికి వెళ్తాడు. తన బంధువులెందరో చనిపోయిన చోటు. మాట్లాడుతూ మాట్లాడుతూ బూట్లతో అలాగే చెరువులోకి దిగిపోయి, వంగి చేతినిండా బురద తీస్తాడు. నేపథ్య సంగీతం పెట్టి ఏడిపించేవాళ్ళు ఆ ఒక్క నిమిషం చూడాలి.

ఖడ్గం అన్నాను కాబట్టి: నిజామాబాద్ వైపు కోనసముద్రం మీ పది భాగాల్లో ఉందా? డమాస్కస్ కత్తుల పేరుతో లోకమంతా మెచ్చుకున్న ఉక్కు కొనడానికి పర్షియా వర్తకులు ఆ ఊరు వచ్చేవాళ్ళు. ఇంగ్లీషువాళ్ళు ఊట్జ్ అని రాసుకున్న మాట మన ఉక్కులోంచే పుట్టిందని చాలామంది పండితుల అభిప్రాయం.

గోదారి గట్టు | సోమవారం, ఉదయం 7.02

శ్యామ్ బెనగళ్ భారత్ ఏక్ ఖోజ్‌ని ఎవరూ తలవలేదేం? 1988లో మొదలైంది, 53 భాగాలు. నెహ్రూగా రోషన్ సేథ్ నడుచుకుంటూ వచ్చి చెప్పేవాడు. మొదట్లో ఋగ్వేదం నాసదీయ సూక్తం హిందీలో. మా నాన్న సూక్తం అయ్యేవరకూ నిలబడి, తర్వాత కూర్చునేవాడు. ప్రసార భారతి వాళ్ళ యూట్యూబులో ఉంది, పిల్లలకి చూపించండి.

చేదు కాకర | సోమవారం, ఉదయం 7.30

అందులో రాజులకి దొరికిన టైము కుమ్మరికీ సాలెవాడికీ దొరకలేదు. సురభి మేలు.

(చూశారా, నేనే సురభిని వెనకేసుకొచ్చాను.)

స్వర్ణముఖి | సోమవారం, మధ్యాహ్నం 1.10

నేను శ్రీకాళహస్తిలో కలంకారీ వేస్తా. రెండో భాగానికో మూడో భాగానికో మా ఊరికి వస్తారు గదా, వచ్చేముందు ఈ మాట వినండి.

వచ్చినోళ్ళంతా కలం పట్టుకున్న చెయ్యి ఒకటే తీసకపోతారు. వెదురు పుల్ల, దానికి చుట్టిన గుడ్డ, గుడ్డలోనుంచి కారే నల్ల గీత. బాగుంటాది, కాదనను. కానీ మా పని అది కాదబ్బా, మా పని నానబెట్టేదీ, ఉతికేదీ, ఎండబెట్టేదీ. కరక్కాయ పొడి, బర్రెపాలు కలిపి గుడ్డను తడిపితేనే రంగు పక్కకు పాకదు. ఆ పాలు ఎండలో ఎండితే వచ్చే వాసన ఉంటాదే, కొత్తగా వచ్చినోళ్ళు కొంగు అడ్డం పెట్టుకుంటారు. ఆ నలుపేమో తుప్పుపట్టిన ఇనుమునూ బెల్లాన్నీ నీళ్ళలో రోజులకొద్దీ పులియబెట్టింది. గీసేటప్పుడు లేతగా ఉండి, కరక్కాయ తగిలినాక నల్లబడతాది. అది ముంత మూత తీస్తే చాలు, ఇంటిల్లిపాదికీ తెలిసిపోతాది.

పటిక పూసినాక పారే నీళ్ళలో ఉతకాల. నిలిచిన నీళ్ళయితే ఎక్కువైన పటిక పోదు, పక్కన అంటుకుంటాది. ఏరు పేరు పెట్టుకున్నా గానీ, అందులో నీళ్ళు లేని నెలలే ఎక్కువ. ఒకసారి ఎవరో వచ్చి, ఏట్లో ఉతుకుతున్నట్టు నటించమన్నారు. మడుగులో నిలబడి నటించినాం. ఆ గుడ్డ మళ్ళీ బోరు కాడ ఉతుక్కున్నాం.

రీలు చుట్ట | సోమవారం, మధ్యాహ్నం 1.34

అక్కా, నేను నటించమనను. మాటిస్తున్నా.

మగ్గం గుంట | సోమవారం, రాత్రి 11.05

అన్నా, నీ వీడియో సూసిన. మాది పోచంపల్లే. తిట్టుమన్నవ్ గాబట్టి తిడుతున్న, ఏమనుకోకు.

శురువుల డ్రోను. పిల్లనగ్రోవి. "తరతరాల వారసత్వం" అని గంభీరంగ గొంతు. సరే. తర్వాత 1951 ఏప్రిల్ 18న వినోబా భావే మా ఊరొచ్చుడు, వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలిచ్చుడు, భూదానం మొదలయ్యుడు. అది మూడు నిమిషాలు చెప్పినవ్. మంచిగ చెప్పినవ్, తప్పు లేదు. ఆడికెల్లి మగ్గం మీద మా పెద్దనాయిన అసుంటాయన, నాడె ఉరుకుడు, రంగులు. 2005ల జీఐ ట్యాగు, అంటే ఈ పేరు ఈ ఊరి బట్టకే అనే గుర్తింపు, అచ్చిన ముచ్చట. ఆఖర్న ఎవరో మేడం చీర కట్టుకొని మురిసిపోవుడు.

ఆసు ఏది అన్నా?

ఇక్కత్ అంటే నేసుడు కాదు, నేయకముందు చేసేది. తెల్ల నూలు మీదనే డిజైను లెక్కగట్టి, రంగు అంటొద్దన్న కాడ గట్టిగ చిటికి కట్టి, రంగుల ముంచాలె. అట్ల కట్టాలంటే పేక నూలు, అంటే అడ్డం పోగులు, ముందుగాల ఆసు మీద పోయాలె. ఒక దిక్కు ఒకటే మేకు, ఇంకో దిక్కు సగం సక్రం తీరుగ మేకుల వరుస. ఈడికెల్లి ఆడికి, ఆడికెల్లి ఈడికి చెయ్యి పోతనే ఉండాలె. ఒక్క చీరకు తొమ్మిది వేలసార్లు. నాలుగైదు గంటలు. మా అమ్మ ముప్పై ఏండ్లు పోసింది. ఇప్పుడు కుడిచెయ్యి మీదికి లేవది, జడ మా చెల్లె ఏస్తది.

ఆలేరు దిక్కు శారాజీపేట చింతకింది మల్లేశం సారు వాళ్ళమ్మ గిదే నొప్పి పడుతుంటే సూడలేక ఏండ్లకేండ్లు తిప్పలువడి 1999ల ఆసు యంత్రం చేసిండు. అమ్మ పేరే పెట్టిండు, లక్ష్మీ ఆసు యంత్రమని. గంటన్నరల చీర ఆసు అయిపోతది. 2017ల పద్మశ్రీ ఇచ్చిన్రు. గంత పెద్ద కథ మా ఆసుల ఉన్నది. నీ పన్నెండు నిమిషాల్ల ఆసు మూడు సెకన్లు గూడ లేదు.

ఎందుకు లేదో నాకెరుక. మగ్గం ముంగట రూముల ఉంటది, ఎలుతురుంటది, మొగాయన ఉంటడు. ఆసు ఎనక రూముల ఉంటది.

చేదు కాకర | సోమవారం, రాత్రి 11.20

తిట్టమని అడిగినందుకు దక్షిణ అందింది.

రీలు చుట్ట | మంగళవారం, రాత్రి 12.40

గుంట అన్నా, అబద్ధం చెప్పను. వెనక రూములోకి వెళ్ళాను. ఒకామె పోస్తూ ఉంది. ట్యూబులైటు ఒకటే, అది కూడా మినుకుమినుకుమంటోంది. ఫుటేజ్ గింజలు గింజలుగా వచ్చింది. పనికిరాదని పక్కన పెట్టాను. పెళ్ళిళ్ళ అలవాటు, మొహం మీద వెలుగు లేకపోతే ఆ షాటు చెత్తబుట్టలోకే.

ఇప్పుడు మళ్ళీ తెరిచి చూశాను. ఇరవై సెకన్లు ఉంది. ఆమె ఒక్కసారి కూడా కెమెరా వైపు చూడలేదు.

తపాలా తాతయ్య | మంగళవారం, ఉదయం 6.15

గింజలుంటే ఉండనీ బాబూ. మేం చూసిన సురభి మొత్తం గింజలే. యాంటెన్నా తిప్పుకుంటూ చూసిన తరం మాది.

మగ్గం గుంట | మంగళవారం, ఉదయం 8.40

ఇంకోటి గూడ చెప్తా, పూరా ఎల్లగక్కుత.

మొన్నామధ్య ఒక టీవోళ్ళు అచ్చిన్రు. మా నాయిన మగ్గం మీద సాగుతున్న చీర పక్కకు జరిపి, రంగు మంచిగుంటదని ఇంకో ఇంట్ల అచ్చు ఎక్కించిన మగ్గం కాడ కూసోబెట్టిన్రు. అంగి ఇప్పుమన్నరు, మళ్ల తొడుగుమన్నరు. రెండు దినాలు. చాయ మేమే పోసినం, అన్నం మేమే పెట్టినం. రెండు దినాలు మగ్గం ఆగితే చీర రెండు దినాలు ఎనకకు పోతది, చీర అయితెనే కూలి. ఎప్పుడొస్తది సారూ అంటె ఫోన్ చేస్తమన్నరు. ఇప్పటిదాంక ఫోన్ రాలె. మా నాయిన పోయినేడు సచ్చిపోయిండు. ఆ వీడియో ఏడున్నదో.

స్వర్ణముఖి | మంగళవారం, ఉదయం 9.05

తమ్ముడూ, మనసు కష్టంగా ఉంది. మా ఇంట్లోనూ అంతే. మా అత్త చెయ్యి ఏ టీవీలో వచ్చిందో, ఎవరు చూసినారో.

థేమ్స్ ఒడ్డు | మంగళవారం, మధ్యాహ్నం 12.30 (మీకు)

కూలి సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నా. ఇక్కడ డాక్యుమెంటరీవాళ్ళు చాలామంది తీసే మనిషికి డబ్బివ్వకూడదంటారు. డబ్బిస్తే మనం వినాలనుకున్నదే చెప్తాడని. దీనిమీద మీరేమంటారు?

మగ్గం గుంట | మంగళవారం, మధ్యాహ్నం 12.48

కెమెరా ఆయనకు దినకూలి ఇస్తరా ఇయ్యరా?

గోదారి గట్టు | మంగళవారం, మధ్యాహ్నం 12.55

ఇక దీనిమీద చర్చ అక్కర్లేదనుకుంటా.

రీలు చుట్ట | మంగళవారం, రాత్రి 9.15

గుంట అన్నా, మీ అమ్మగారు ఒప్పుకుంటే వచ్చే ఆదివారం వస్తాను. ఒక్కణ్ణే. డ్రోన్ తేను. ఆ రోజు పని ఏమాగినా దాని కూలి ముందే చేతిలో పెడతాను. తీసింది కోసేముందు మీ ఇంట్లో కూర్చుని చూపిస్తాను. అన్నం నేనే కట్టుకొస్తా.

మగ్గం గుంట | మంగళవారం, రాత్రి 9.50

అన్నం గట్టుకొస్తే మా అమ్మ తంతది. మిగతయన్నీ సరే. కని యాదుంచుకో, మా ఇంట్ల ఇప్పుడు ఆసు మిషనే. చేతి ఆసు గోడకు తలిగేసి ఉన్నది. అమ్మ దించి పోస్త అంటున్నది, ఆసుమీద ఆమెకు ఇష్టమేందో నాకైతే సమజ్ గాదు. గంత నొప్పి పెట్టినదాన్ని నేనైతే పొయ్యిల పెడుదును. ఒక్క చీర పొయ్యదు, చెయ్యి లేవదని చెప్పిన గద. కొంచెం పోస్తది.

రీలు చుట్ట | ఆదివారం, రాత్రి 11.30

వెళ్ళొచ్చాను. రాసి పడుకుంటా.

గోడమీంచి దించాక అమ్మ ముందు మేకులన్నీ కొంగుతో తుడిచింది. ఒక్కో మేకు విడిగా, మనవడి చెవులు తుడిచినట్టు. ఒక మేకు వదులైతే పాత పోస్టుకార్డు ముక్క మడిచి సందులో దోపింది (తపాలా తాతయ్యా, మీకోసమే చెప్తున్నా. 15 పైసలదే, పులి బొమ్మ కనిపించింది). కూర్చుంది. కుడిచెయ్యి లేవదన్నారు కదా, ఎడమచేత్తో మొదలుపెట్టింది. నేను కదలని స్టాండ్ పెట్టి, వెనక రూములో ఉన్న ట్యూబులైటుతోనే తీశాను. పిల్లనగ్రోవి లేదు. నూలు మేకుకి తగిలినప్పుడల్లా ఒక చిన్న చప్పుడు ఉంది, సన్నగా టప్ టప్ మని. దానిమీద సంగీతం పెట్టే ధైర్యం ఎవడికీ ఉండకూడదు.

మొదట లెక్కపెట్టాను. 340 దాకా లెక్కపెట్టి, చెయ్యి చూస్తూ మర్చిపోయాను. మళ్ళీ మొదలుపెడితే 200 దగ్గర మర్చిపోయాను. తొమ్మిది వేలు అని రాయడం వేరు, పక్కన కూర్చోవడం వేరు. మధ్యలో ఉండబట్టలేక మాట్లాడించాను. పెళ్ళయిన ఏడాది, అత్తగారు, మొదటి చీర, అన్నీ చెప్పింది, చెయ్యి మాత్రం ఆగలేదు. నలభై నిమిషాలు వచ్చింది. ఒక్క కోత కూడా పెట్టకుండా ఇరవై నిమిషాలు ఉంచుదామనుకుంటున్నా. ఎవరు చూస్తారో తెలీదు.

చేదు కాకర | ఆదివారం, రాత్రి 11.41

నేను చూస్తా. పెట్టు.

మగ్గం గుంట | బుధవారం, రాత్రి 10.20

అన్న మాట మీద నిలబడ్డడు, కోసేముందే మల్ల అచ్చి టీవీకి వైరు పెట్టి సూపెట్టిండు. పక్కింటోళ్ళు గూడ అచ్చిన్రు. చెల్లె ఏడిసింది. నేను బయటికి పోయినట్టు చేసి మళ్ల అచ్చిన.

అమ్మ ఒక్క మాట మాట్లాడలే. నలభై నిమిషాలు కండ్లు ఆర్పకుండ సూసింది. అయిపోయినంక ఎనకకు తిప్పుమన్నది. ఇంకింత. ఇంకింత. ఆడ ఆపుమని, లేచి టీవీ కాడికి పోయి అద్దం మీద ఏలు పెట్టింది.

"గీడ పోగు తప్పింది సూడు. నువ్వు మా అత్త ముచ్చట అడిగినవ్ సూడు బిడ్డా, గప్పుడే."